గన్నవరంలో విమానం ఆగిపోతే మనకు రావలసిందేమిటి?

డిసెంబరు, జనవరి నెలల్లో కృష్ణా డెల్టాను తెల్లవారుజామున పొగమంచు కమ్మేస్తుంది. పొలాల మధ్య ఉన్న గన్నవరం రన్‌వే మీద ఒక్కోసారి బాగా పొద్దెక్కేదాకా అది వీడదు. హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో వచ్చిన విమానం కాసేపు చక్కర్లు కొట్టి, దిగడం కుదరక వెనుదిరుగుతుంది. ఆ విమానం ఎక్కాల్సినవాళ్ళు మచిలీపట్నం నుంచి, భీమవరం నుంచి, గుంటూరు నుంచి రాత్రి మూడింటికే కారు మాట్లాడుకుని వచ్చి టెర్మినల్లో కూర్చుని ఉంటారు. కౌంటర్ దగ్గర వాళ్ళకు దొరికే జవాబు ఒక్కటే: "వాతావరణం బాగాలేదండీ, మా చేతుల్లో ఏమీ లేదు."

ఆ జవాబు సగం వరకు నిజమే. మంచును ఎవరూ ఆపలేరు, కనపడని రన్‌వే మీద విమానం దించమని ఎవరూ అడగకూడదు. కానీ విమానం ఎగరలేనంత మాత్రాన ప్రయాణికుడి పట్ల సంస్థ బాధ్యత తీరిపోదు. మన దేశంలో ఈ బాధ్యతకు రాతపూర్వకమైన నిబంధనలున్నాయి. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, 2010 ఆగస్టులో వీటిని తెచ్చింది, తర్వాత పలుమార్లు సవరించింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఏమడగాలో తెలియాలంటే ముందు ఏం రాసి ఉందో తెలియాలి.

పరిహారం వేరు, బాగోగులు వేరు

ఈ తేడాను అందరికంటే స్పష్టంగా చెప్పిన తీర్పు ఒక హైదరాబాద్ ప్రయాణం మీద వచ్చింది. 2006 డిసెంబరు 14న ఢిల్లీ నుంచి హైదరాబాద్ రావలసిన ఇండిగో విమానం పొగమంచు వల్ల ఆగిపోయింది. అందులోని ఒక ప్రయాణికుడు దాదాపు 11 గంటలు విమానంలోనే కూర్చోవలసి వచ్చింది. ఆయన హైదరాబాద్‌లోని శాశ్వత లోక్ అదాలత్‌ను ఆశ్రయించారు. ఆలస్యానికి మంచు కారణమే అయినా ప్రయాణికుడిని సరిగా చూసుకోలేదంటూ అదాలత్ రూ. 10,000 పరిహారం ఇమ్మంది. హైకోర్టు కూడా ఆ ఉత్తర్వులో జోక్యం చేసుకోలేదు. ఇండిగోను నడిపే ఇంటర్‌గ్లోబ్ ఏవియేషన్ సుప్రీంకోర్టుకు వెళ్ళింది.

2011 జులై 4న వచ్చిన తీర్పులో ప్రయాణికుడు ఓడిపోయారు. ఆ రోజు సంస్థ తిండి, నీళ్ళు ఇచ్చిందని, ఆయన తన ఇష్టం మీదే ఆ విమానంలో ప్రయాణించడానికి ఒప్పుకున్నారని కోర్టు భావించింది. కానీ ఆ తీర్పులో మిగతా ప్రయాణికులందరికీ పనికొచ్చే మూడు మాటలున్నాయి. ఒకటి: వాతావరణం వల్ల ఆలస్యమైతే నష్టపరిహారం ఉండదు గానీ, ఎదురుచూస్తున్న ప్రయాణికుడి కనీస అవసరాలు చూడటం సంస్థ విధి, అది చేయకపోతే సేవాలోపమే. రెండు: తక్కువ ధర విమానమని చెప్పి ఈ కనీస బాధ్యతను తప్పించుకోవడం కుదరదు. మూడు: టికెట్ మీద "వివాదాలు ఢిల్లీ కోర్టుల పరిధిలోనే" అని అచ్చు వేసుకున్నా హైదరాబాద్ లోక్ అదాలత్ తలుపు మూసుకుపోదు.

మొదటి మాటను గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే డీజీసీఏ నిబంధనల్లో వసతుల విషయంలోనూ "అసాధారణ పరిస్థితుల" మినహాయింపు ఉంది. కౌంటర్లో సిబ్బంది దాన్ని చూపించవచ్చు. అప్పుడు ఈ తీర్పు పేరెత్తి, డబ్బు అడగడం లేదు, నీళ్ళు, భోజనం, సరైన సమాచారం అడుగుతున్నామని మర్యాదగానే చెప్పాలి.

ఆలస్యమైతే

నిబంధనల్లో గంటల లెక్క ప్రయాణ సమయాన్ని బట్టి ఉంటుంది. రెండున్నర గంటల లోపు ప్రయాణమైతే 2 గంటలు, రెండున్నర నుంచి ఐదు గంటల ప్రయాణమైతే 3 గంటలు, అంతకు మించితే 4 గంటలు ఆలస్యమైనప్పుడు భోజనమో ఫలహారమో ఇవ్వాలి. గన్నవరం నుంచి వెళ్ళే దేశీయ విమానాలు దాదాపు అన్నీ మొదటి తరగతిలోకే వస్తాయి. అంటే రెండు గంటలు దాటగానే అడిగే హక్కు వచ్చేసినట్టే. మీరు సమయానికి చెకిన్ అయి ఉండాలన్నది ఒక్కటే షరతు.

ఆలస్యం ఆరు గంటలు దాటుతుందంటే, మరో విమానంలో పంపమని గానీ, టికెట్ డబ్బంతా వెనక్కి ఇమ్మని గానీ అడగవచ్చు. ఆలస్యం 24 గంటలు మించినా, రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 మధ్య బయల్దేరాల్సిన విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమైనా హోటల్ గది, అక్కడిదాకా రాకపోకలు సంస్థే చూడాలి. పిల్లల తల్లులకు, వయసు మళ్ళినవాళ్ళకు ఈ ఒక్క వాక్యం తెలిసి ఉంటే టెర్మినల్ కుర్చీల్లో రాత్రి గడపాల్సిన అవసరం రాదు.

రద్దయితే: ఒక టికెట్ లెక్క

రద్దు సంగతి రెండు వారాల ముందే చెబితే మరో విమానం లేదా రీఫండ్. రెండు వారాల లోపు, కనీసం 24 గంటల ముందు చెప్పినా అంతే. 24 గంటల కంటే తక్కువ వ్యవధిలో చెప్పినా, అసలు చెప్పకపోయినా, దానికి తోడు పరిహారం కూడా ఇవ్వాలి. గంట లోపు ప్రయాణానికి గరిష్ఠంగా రూ. 5,000, గంట నుంచి రెండు గంటలకు రూ. 7,500, రెండు గంటలు దాటితే రూ. 10,000. అయితే ఈ అంకెలు చూసి మోసపోకూడదు. ఆ మొత్తం, లేదా మీ టికెట్లోని మూల ఛార్జీకి ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం, ఈ రెంటిలో ఏది తక్కువైతే అదే ఇస్తారు.

ఉదాహరణకు గన్నవరం నుంచి బెంగళూరుకు మీ టికెట్ రూ. 4,100 అనుకుందాం. అందులో మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపి రూ. 3,200, మిగిలిన రూ. 900 విమానాశ్రయ రుసుములు, పన్నులు. సాంకేతిక లోపమని చెప్పి ఉదయం ఆరింటికి రద్దు చేశారు. మీరు మరో విమానం వద్దనుకుంటే రీఫండ్ రూ. 4,100 పూర్తిగా రావాలి. ప్రయాణం గంట పైన, రెండు గంటల లోపు కాబట్టి పరిహారం పరిమితి రూ. 7,500, కానీ మీ ఛార్జీ రూ. 3,200 కాబట్టి చేతికొచ్చేది రూ. 3,200. మొత్తం రూ. 7,300. చాలామంది మొదటి మొత్తం అందుకుని ఇంటిదారి పడతారు, రెండోది అడగరు.

తుపాను, వరద, పొగమంచు, సమ్మె, భద్రతా కారణాలు, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ ఆదేశాలు ఉంటే ఈ పరిహారం వర్తించదు. అందుకే కారణం ఏమిటో రాతపూర్వకంగా తీసుకోవడం అన్నిటికంటే ముఖ్యం. "ఆపరేషనల్ రీజన్స్" అన్న గుండుగుత్త మాటతో సరిపెట్టుకోకండి. 2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో దేశమంతటా వేల విమానాలు రద్దు చేసింది. పైలట్ల విశ్రాంతి నిబంధనల రెండో దశ నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది, దానికి తగ్గట్టు సిబ్బందిని సంస్థ సిద్ధం చేసుకోలేదు. ఆ నిబంధనలు 2024 జనవరిలోనే ప్రకటించినవి. మంచు చెప్పి రాదు, ఇవి చెప్పి వచ్చాయి. మన శ్రీకాకుళం వాసి కింజరాపు రామ్మోహన్ నాయుడు విమానయాన మంత్రిగా ఉన్న ఆ సమయంలో కేంద్రం టికెట్ ధరలకు పరిమితి పెట్టి, డిసెంబరు 7 రాత్రి 8 గంటలకల్లా రీఫండ్లు పూర్తి చేయాలని ఆదేశించింది. అంత పెద్ద గొడవ జరిగితే గానీ సామాన్యుడి రీఫండ్‌కు గడువు పెట్టే పరిస్థితి రాకపోవడం బాధాకరం.

టికెట్ ఉంది, సీటు లేదంటే

ఉన్న సీట్ల కంటే ఎక్కువ టికెట్లు అమ్మడం సంస్థలకు అలవాటు. అందరూ వచ్చేస్తే, ముందు తమంతట తాము ఆగేవాళ్ళెవరైనా ఉన్నారా అని అడగాలి. మిమ్మల్ని బలవంతంగా ఆపితే, మీ విమానం సమయం నుంచి గంటలోపు మరో విమానం చూపిస్తే పరిహారం ఉండదు. 24 గంటల లోపు చూపిస్తే పైన చెప్పిన ఛార్జీకి రెండింతలు, గరిష్ఠంగా రూ. 10,000. అది కూడా దాటితే, లేదా మీరు ప్రయాణమే మానుకుంటే నాలుగింతలు, గరిష్ఠంగా రూ. 20,000. ఇక్కడ పొగమంచు సాకు పనిచేయదు.

రీఫండ్, ఏజెంటు, సామాను

క్రెడిట్ కార్డుతో కొన్న టికెట్‌కు ఏడు రోజుల్లో డబ్బు వెనక్కి రావాలి. "క్రెడిట్ షెల్‌లో వేస్తాం, తర్వాతి ప్రయాణానికి వాడుకోండి" అంటే ఒప్పుకోవడం మీ ఇష్టం, సంస్థ ఇష్టం కాదు. ఏజెంటు ద్వారా కొన్నా బాధ్యత విమాన సంస్థదే, ఎందుకంటే నిబంధనల ప్రకారం ఏజెంటు ఆ సంస్థ ప్రతినిధి. మీరే ప్రయాణం మానుకున్నా సరే, టికెట్లో కలిపిన పన్నులు, విమానాశ్రయ రుసుములు మీకు తిరిగి రావలసినవే.

బెల్టు మీద పెట్టె రాకపోయినా, పగిలి వచ్చినా, టెర్మినల్ దాటకముందే పీఐఆర్ అనే ఫిర్యాదు పత్రం రాయించి నంబరు తీసుకోవాలి. ఇంటికెళ్ళి చూసుకుందామనుకుంటే అక్కడే కేసు బలహీనపడుతుంది. దేశీయ ప్రయాణంలో సామానుకు సంస్థ బాధ్యత రూ. 20,000 వరకే ఉంటుంది కాబట్టి బంగారం, విలువైన కాగితాలు చెకిన్ పెట్టెలో వేయకండి. విదేశీ ప్రయాణానికి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. దాని ప్రకారం సామాను దెబ్బతింటే ఏడు రోజుల్లో, ఆలస్యంగా చేరితే చేతికందిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.

ఒకే పీఎన్ఆరా, రెండు టికెట్లా?

డెల్టా కుటుంబాలు తరచూ నష్టపోయేది ఇక్కడే. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులకు శంషాబాద్ నుంచి ఒక టికెట్, గన్నవరం నుంచి శంషాబాద్‌కు మరో టికెట్ విడిగా కొంటారు, కాస్త చవకగా వస్తుందని. ఉదయం మంచులో మొదటి విమానం ఆగిపోతే రెండోది పోతుంది. రెండు వేర్వేరు పీఎన్ఆర్‌లు కాబట్టి ఏ సంస్థా బాధ్యత తీసుకోదు. ఒకే టికెట్ మీద ఉంటే మాత్రం తర్వాతి విమానంలో పంపే బాధ్యత సంస్థదవుతుంది. చలికాలంలో ప్రయాణమైతే ఒకే పీఎన్ఆర్ తీసుకోండి, కుదరకపోతే ముందురోజే హైదరాబాద్ చేరండి.

యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఉన్న మనవాళ్ళకు మరో సంగతి. అక్కడి నుంచి బయల్దేరే విమానం ఏ దేశానిదైనా యూరోపియన్ యూనియన్ నిబంధన వర్తిస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్ రావలసిన విమానం సంస్థ తప్పిదంతో చివరి క్షణంలో రద్దయితే పరిహారం 600 యూరోల దాకా ఉంటుంది.

ఫిర్యాదు వరుస

కౌంటర్ దగ్గర నోరు చేసుకుంటే కోపం తీరుతుందేమో గానీ సాక్ష్యం మిగలదు. బోర్డింగ్ పాస్, వచ్చిన మెసేజీలు, బోర్డు మీద కనిపించిన సమయం ఫోటో, మీరే కొనుక్కున్న భోజనం బిల్లు దాచుకోండి. అదే రోజు సంస్థకు ఈమెయిల్ పెట్టండి. పెద్ద భాష అక్కర్లేదు, ఇలా ఉంటే చాలు:

"నా పీఎన్ఆర్ నంబరు ఇది. ఫలానా తేదీన గన్నవరం నుంచి బెంగళూరు వెళ్ళే విమానానికి ఉదయం 5 గంటలకు చెకిన్ అయ్యాను. 6 గంటలకు రద్దు చేసినట్టు చెప్పారు. ముందుగా సమాచారం ఇవ్వలేదు. కారణం రాతపూర్వకంగా తెలపండి. టికెట్ మొత్తం రూ. 4,100 రీఫండ్, డీజీసీఏ నిబంధన ప్రకారం రూ. 3,200 పరిహారం చెల్లించండి."

జవాబు రాకపోతే సంస్థ నోడల్ అధికారికి, ఆ తర్వాత అప్పిలేట్ అధికారికి రాయండి. వీళ్ళ వివరాలు ప్రతి సంస్థా తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. అక్కడా కదలిక లేకపోతే కేంద్ర ప్రభుత్వం 2016లో మొదలుపెట్టిన ఎయిర్‌సేవ యాప్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి తెలుగులోనూ చెప్పుకోవచ్చు.

చివరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే ఊరి పరిధిలోనే కేసు వేయవచ్చు. కృష్ణా డెల్టా వాసులకు మచిలీపట్నంలో, విజయవాడలో కమిషన్లున్నాయి. చెల్లించిన మొత్తం రూ. 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్లోనూ దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్ళు. శాశ్వత లోక్ అదాలత్ మరో దారి, విమాన ప్రయాణం దాని పరిధిలోనిదే.

ఇదంతా చేయాలంటే ముందు ఒక చిన్న జాగ్రత్త కావాలి. టికెట్ కొనేటప్పుడు ప్రయాణించేవాళ్ళ ఫోన్ నంబరే ఇవ్వాలి. ఏజెంటు తన నంబరు వేసినా, డాలస్‌లో ఉన్న కొడుకు తన నంబరు ఇచ్చినా రద్దు సంగతి అమ్మానాన్నలకు చేరదు. పైగా సరైన నంబరు ఇవ్వలేదన్న కారణంతో పరిహారం నిరాకరించే వీలు సంస్థకు నిబంధనే ఇస్తోంది.

మూడు వేల కోసం ఇంత తిరుగుడు ఎందుకని చాలామంది ఊరుకుంటారు. డీజీసీఏ ప్రతి నెలా ఏ సంస్థ మీద పది వేల మంది ప్రయాణికులకు ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, అవి దేని గురించో ప్రకటిస్తుంది. మనం దిగమింగుకున్న కోపం ఆ పట్టికలోకి ఎక్కదు. అందరూ సంతృప్తిగా ఉన్నట్టే లెక్క తేలుతుంది. రాసిన ప్రతి ఫిర్యాదూ అక్కడ ఒక అంకె అవుతుంది, రేపు అదే కౌంటర్ ముందు నిలబడే మరో ఊరి పెద్దావిడకు నీళ్ళ సీసా, కూర్చోవడానికి కుర్చీ అడగకుండానే అందేలా చేస్తుంది. కాబట్టి మొత్తం చిన్నదైనా సరే, రాయండి.