మినపగింజంత గాలం

చలికాలంలో సరస్సులు గడ్డకట్టే దేశాల్లో జనం మంచు పలక మీద నడిచి వెళ్లి, దానికి జానెడు వెడల్పు రంధ్రం తొలిచి, అందులోంచి తిన్నగా కిందికి గాలం వదిలి చేపలు పడతారు. ఫిన్లాండ్, స్వీడన్, రష్యా, కెనడా, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో ఒకప్పుడు ఇది చలికాలపు తిండి సంపాదన. ఇప్పుడు ఎక్కువమందికి ఇష్టమైన కాలక్షేపం. పెర్చ్, ట్రౌట్ చేపల కోసం అక్కడ వాడే గాలాన్ని జిగ్ అంటారు. ఒక లోహపు గుండు, అందులోంచి పొడుచుకొచ్చిన ముల్లు, దారం దూర్చడానికి ఒక బెజ్జం. అంతా కలిపి మినపగింజంత ఉంటుంది. బరువు చాలాసార్లు గ్రాము లోపే. ఇంత చిన్న వస్తువు నూరేళ్లకు పైగా మారుతూ వచ్చింది, ఆ మార్పులన్నిటికీ మూలం ఒకే చిక్కు. చలికి మందగించిన చేప నోట్లోకి పోవాలంటే గాలం చిన్నదిగా, తేలిగ్గా ఉండాలి. పది మీటర్ల లోతుకు దారాన్ని నిటారుగా లాక్కుపోవాలంటే అది బరువుగా ఉండాలి.

చిక్కు సగం నీటిలోనే ఉంది. నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికంటే సాంద్రంగా ఉంటుంది. అంతకంటే చల్లబడిన నీరు తేలికై పైకి చేరి అక్కడే గడ్డకడుతుంది. అందుకే మంచు కింద సరస్సు తలకిందులుగా ఉంటుంది: పైన సున్నా డిగ్రీలు, అడుగున నాలుగు. చేప ఒంటి వేడి చుట్టూ ఉన్న నీటి వేడిని బట్టే ఉంటుంది కాబట్టి ఆ చలిలో దాని అరుగుదల, కదలిక అన్నీ నెమ్మదిస్తాయి. పెర్చ్ చేపలు గుంపులుగా అడుగుకు దగ్గరగా తిరుగుతూ బురదలోని ఎర్రటి కైరోనమిడ్ (దోమను పోలిన చిన్న ఈగ) లార్వాలను, చిన్న రొయ్యల్లాంటి జీవులను ఏరుకుంటాయి. తిండి మానవు, కానీ పెద్దదాని వెంట పరుగెత్తే ఓపిక వాటికి తక్కువ.

అవి తినే తీరు కూడా తెలియాలి. ఇంత చిన్న తిండిని చేప కొరకదు, పీల్చుకుంటుంది. నోరు ఒక్కసారిగా తెరుచుకుని లోపలి ఖాళీ పెరుగుతుంది, అక్కడ పీడనం తగ్గుతుంది, నీరు లోపలికి దూసుకుపోతూ తిండిని వెంట తీసుకుపోతుంది. ఇదంతా కొన్ని పదుల మిల్లీసెకన్ల పని. ఆ ప్రవాహానికి బలం నోటి ముందే. నోటి వెడల్పంత దూరం దాటితే దాదాపు ఏమీ మిగలదు. బరువైన గాలం, లేదా బిగుసుకున్న దారానికి వేలాడే గాలం, ఆ క్షణంలో లోపలికి కదలదు. చేప నీళ్లు మాత్రం మింగి వెళ్లిపోతుంది. పైన కూర్చున్నవారికి ఏమీ తెలియదు.

మంచు రంధ్రంలోంచి చేపను మభ్యపెట్టడం చాలా పాత విద్య. ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యుయిట్ ప్రజలు దంతంతో చెక్కిన చిన్న చేప బొమ్మను నీటిలో ఆడించి, దాన్ని చూడవచ్చిన చేపను ఈటెతో పొడిచేవారు. ఆ బొమ్మకు ముల్లు ఉండేది కాదు. రప్పించడమే దాని పని. రప్పించడం, పట్టుకోవడం రెండూ ఒకే వస్తువుకు అప్పగించినవాటిలో రష్యా గాలమైన మోర్మిష్కా ముఖ్యమైనది. ఉరల్, సైబీరియా సరస్సుల్లో దొరికే, రొయ్యను పోలిన ఒక చిన్న జీవికి అది నకలు. సన్నటి గాలపు ముల్లు కాడకు కరిగించిన సీసం, తగరం కలిపిన టంకాన్ని బొట్టుగా పట్టించి, కొన్నిసార్లు పైన రాగి రేకో ఇత్తడి రేకో అతికించేవారు. బెజ్జం గుండు పైభాగంలో, ముల్లు వాలుగా వచ్చేలా పెట్టేవారు. టంకం వేసే కడ్డీ, కాస్త చేతివాటం ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు కాబట్టి ఊరికో రకం పుట్టింది. గుండ్రటిది ఒకటి, చీమ ఆకారంది ఒకటి, మూడు ముళ్లతో నిటారుగా వేలాడేది ఇంకొకటి.

మోర్మిష్కాతో పాటే పుట్టిన ఇంకో భాగం లేకపోతే ఆ గాలం పనికిరాదు. పొట్టి కర్ర కొసకు బిగించే ఆ సన్నటి, వంగే ముక్కను కివోక్ అంటారు. మొదట్లో అడవిపంది వెంట్రుకతో, తర్వాత సన్న స్ప్రింగుతో, ప్లాస్టిక్ రేకుతో చేశారు. గాలం బరువుకు అది కొద్దిగా కిందికి వంగి నిలుస్తుంది. చేప పీల్చినప్పుడు దారాన్ని అందించేదీ అదే, పైవారికి సంగతి చెప్పేదీ అదే. పెర్చ్ తరచుగా గాలాన్ని కింద నుంచి నోట్లోకి తీసుకుని కాస్త పైకి లేస్తుంది. అప్పుడు బరువు తప్పిపోయి, వంగి ఉన్న కివోక్ చప్పున నిటారవుతుంది. కొత్తవారు కొస కిందికి లాగబడటం కోసం ఎదురుచూస్తారు. అనుభవం ఉన్నవారు కొస పైకి లేవగానే మణికట్టుతో ఎత్తుతారు. గాలం బరువు మారితే కివోక్ కూడా మార్చాలి; గట్టి కివోక్‌కు తేలిక జిగ్ కడితే వంగనే వంగదు.

లోతు నీళ్లకు మోర్మిష్కా సరిపోలేదు. అక్కడ పొడవాటి లోహపు రేకు, అంటే స్పూన్, పనికొచ్చింది. అమెరికాలో జూలియో బ్యూయెల్ 1852లో ఈ కోవకు చెందిన తిరిగే లోహపు గాలానికి పేటెంట్ తీసుకున్నాడు. అది వేసవి నీటిలో లాగే గాలం. మంచు రంధ్రానికి కావలసింది పైకీ కిందికీ ఆడేది. ఫిన్లాండ్‌లో రాగి, ఇత్తడి రేకులను అతికి చేసిన సన్నటి పిల్కీ ఆ అవసరాన్ని చక్కగా తీర్చింది: దాని అడుగున బెత్తెడు లోపు పొట్టి గొలుసు, గొలుసు చివర చిన్న ముల్లు, ముల్లు కాడ మీద రంగు బొట్టు. బరువైన రేకు లోతుకు తీసుకుపోతుంది, గొలుసు చివరి తేలిక ముల్లు చేప నోట్లోకి పోతుంది. బరువును, తేలికతనాన్ని విడదీసి రెండు చోట్ల పెట్టిన ఈ అమరికే మొత్తం కథలో అన్నిటికంటే తెలివైన మలుపు. అదే దేశానికి చెందిన లౌరి రాపాలా 1936లో బెండు చెక్కి, చాక్లెట్ చుట్టిన రేకు కాగితం తొడిగి తన తొలి కృత్రిమ చేపను చేశాడు. ఆయన పేరు మీద ఎదిగిన సంస్థ తర్వాత మంచు గాలాన్ని కూడా తెచ్చింది. దానికి వీపు మధ్యలో బెజ్జం, తోక దగ్గర ప్లాస్టిక్ రెక్క ఉంటాయి. పైకి గుంజితే పక్కకు ఈది మళ్లీ మధ్యకు వస్తుంది.

గాలం చిన్నబడటానికి దారం కూడా సన్నబడాలి. డ్యూపాంట్ సంస్థలో వాలెస్ కరోథర్స్ బృందం 1935లో నైలాన్‌ను తయారుచేశాక, పట్టు దారం, గుర్రపు వెంట్రుకల స్థానంలోకి ఒంటి పోగు నైలాన్ వచ్చింది. పదో వంతు మిల్లీమీటరు మందం దారం కూడా చిన్న చేపను ఆపగలిగింది. కొత్త చిక్కూ వచ్చింది. చిన్న చక్రానికి చుట్టిన నైలాన్ చలిలో ఆ చుట్టలను మరిచిపోదు. రంధ్రంలోకి వదిలినా మెలికలు మెలికలుగానే దిగుతుంది. పావు గ్రాము జిగ్ ఆ మెలికలను తీయలేదు. పైగా కర్రకున్న రింగుల్లో నీటి బొట్లు గడ్డకట్టి దారాన్ని పట్టేస్తాయి.

గుండు పెంచకుండా బరువు పెంచాలంటే సీసం కంటే సాంద్రమైన లోహం కావాలి. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములు. టంగ్‌స్టన్‌ది 19.25. జిగ్‌లలో వాడే టంగ్‌స్టన్‌లో నికెల్, ఇనుము వంటివి కొద్దిగా కలుస్తాయి కాబట్టి అది 17, 18 దగ్గర ఉంటుంది. 4 మిల్లీమీటర్ల సీసపు గోళం బరువు దాదాపు 0.38 గ్రాము, అదే కొలత టంగ్‌స్టన్ గోళం దాదాపు 0.6 గ్రాము. ఆ బరువు సీసంతో కావాలంటే గోళాన్ని 4.6 మిల్లీమీటర్లకు పెంచాలి. కాగితం మీద తేడా కొంచెమే. చేప నోటి ముందు, దారం నిటారుగా ఉండటంలో అది చాలా ఎక్కువ.

అయితే సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, ఇంటి పొయ్యి మీదే అచ్చు పోయవచ్చు. టంగ్‌స్టన్ 3,422 డిగ్రీల దాకా కరగదు. దాని పొడిని అచ్చులో నొక్కి, కరగకుండానే వేడితో గట్టిపరుస్తారు. ఆ గుండుకు వదిలిన గాడిలో ముల్లును పెట్టి టంకంతో అతుకుతారు. జిగ్‌లో బలహీనమైన చోటు ఆ అతుకే, కొనేటప్పుడు ముందు చూడవలసిందీ దాన్నే. ఇంటి పనిగా పుట్టిన వస్తువు ఇలా కర్మాగారానికి చేరింది, ధర పెరిగింది.

సీసం వెనక్కి తగ్గడానికి ఇంకో కారణం కూడా ఉంది, ఇది బరువు కంటే పెద్దది. నీటిపక్షులు తిండి నూరుకోవడానికి గులకరాళ్లు మింగుతాయి. వాటితో పాటు తెగిపడిన సీసపు గుండ్లనూ మింగుతాయి. గాలం మింగిన చేపను తిన్నా అంతే. ఒక్క చిన్న గుండు లూన్ అనే పక్షిని చంపడానికి చాలు. హంసల మరణాల తర్వాత బ్రిటన్ 1987లో చిన్న సీసపు గుండ్లను నిషేధించింది. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం ఒక ఔన్సు, అంటే 28 గ్రాములు, అంతకు లోపు సీసపు గుండ్లను, జిగ్‌లను మంచినీటిలో వాడటం, అమ్మడం 2016 నుంచి ఆపేసింది. చట్టం ఉన్నా లేకపోయినా, సీసం బదులు టంగ్‌స్టన్, తగరం, ఇత్తడి దొరుకుతున్నప్పుడు సీసం వాడకూడదు.

పెర్చ్ కోసం ఎంపిక లోతుతో మొదలవుతుంది. నాలుగైదు మీటర్ల లోపు నీటికి 3 నుంచి 4 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ జిగ్, 16 లేదా 14 నంబరు ముల్లు, 0.12 నుంచి 0.15 మిల్లీమీటర్ల దారం సరిపోతాయి. ముల్లు నంబరు పెరిగేకొద్దీ కొలత తగ్గుతుందని గుర్తుంచుకోవాలి. అంతకు మించిన లోతులో 5 మిల్లీమీటర్ల జిగ్, లేదా రెండు మూడు గ్రాముల స్పూన్. స్పూన్‌కు ఉండే మూడు ముళ్ల గాలాన్ని తీసేసి, ఫిన్నుల పద్ధతిలో నాలుగైదు సెంటీమీటర్ల గొలుసు చివర ఒంటి ముల్లు తగిలిస్తే మందకొడి చేపలకు బాగా పనిచేస్తుంది. స్పూన్‌ను అడుగుకు తాకించి బురద లేపితే గుంపు చూడటానికి వస్తుంది. ముల్లుకు గుచ్చేది ఎర్రటి లార్వా ఒకటి, లేదా తేనెపట్టు మైనాన్ని తినే పురుగు. దాన్ని తల దగ్గర ఒక్కసారే గుచ్చి మిగతా ఒళ్లు వేలాడనివ్వాలి.

జిగ్ నీటిలో ఏ భంగిమలో నిలుస్తుందన్నది రంగు కంటే ముఖ్యం. అడ్డంగా నిలిచేది ఈదే పురుగులా, నిటారుగా వేలాడేది పైకి లేచే లార్వాలా కనిపిస్తుంది. అడ్డం జిగ్‌కు పాలోమార్ ముడి వేసి, గట్టిగా బిగించి, గోటితో ముడిని బెజ్జం నడినెత్తికి జరపాలి. ముడి ముందుకు జారితే జిగ్ తల వాల్చేస్తుంది. ఒక చేప పడ్డాక ముడి దాదాపు ప్రతిసారీ జారుతుంది కాబట్టి మళ్లీ సరిచేయాలి. స్పూన్‌కు బిగుతు ముడి పనికిరాదు. అది ఊగడానికి చిన్న ఉచ్చు ముడి కావాలి. దాని పైన ఒకటిన్నర జానల దూరంలో దారం మెలి తిరగకుండా స్వివెల్ ఉండాలి. మెలిపడిన దారానికి జిగ్ గిర్రున తిరుగుతూ ఉంటుంది, పెర్చ్ దగ్గరకొచ్చి చూసి వెనుదిరుగుతుంది. దారాన్ని మెలిపెట్టకుండా నేరుగా వదిలే చక్రాలు వచ్చింది ఇందుకే.

రంగు వెలుతురును బట్టి ఎంచుకోవాలి. పేరుకున్న మంచు వెలుతురును బాగా ఆపేస్తుంది. తేటనీటిలో వెండి, బంగారు, రాగి మెరుపు చాలు. లోతుకు పోతే ముందు ఎరుపే మాసిపోతుంది. ఆకులు నాని టీ రంగుకు తిరిగిన నీటిలో మాత్రం నారింజ, ఎరుపు బాగా కనిపిస్తాయి. మసక వెలుతురుకు చీకట్లో వెలిగే రంగులు ఉన్నాయి. పెర్చ్ కంటిచూపుతో వేటాడే పగటి చేప కాబట్టి పొద్దు వాలాక ఏ రంగైనా ఒకటే.

ట్రౌట్ లెక్క వేరు. చలి దానికి అలవాటైన వాతావరణం. గుంపుగా ఒకచోట ఉండకుండా తిరుగుతుంటుంది. చేపపిల్లలను వదిలి పెంచే సరస్సుల్లో ఒడ్డుకు దగ్గరగా, ఒకటి నుంచి మూడు మీటర్ల నీటిలో, ముఖ్యంగా తెల్లవారుజామున కనిపిస్తుంది. కాబట్టి గాలం దూరం నుంచి కంటపడాలి: రెండు నుంచి నాలుగు గ్రాముల స్పూన్, లేదా 5 మిల్లీమీటర్ల జిగ్‌కు 12 లేదా 10 నంబరు ముల్లు. దారం 0.16 నుంచి 0.20 మిల్లీమీటర్లు. లోతు తక్కువైన తేటనీటిలో చివరి మీటరు ఫ్లోరోకార్బన్ దారం అయితే మేలు. దాని వక్రీభవన గుణకం 1.42; నీటిది 1.33, నైలాన్‌ది 1.42 కంటే ఎక్కువ. అందుకే నీటిలో అది నైలాన్ కంటే తక్కువగా కనిపిస్తుంది. ట్రౌట్ పట్టగానే పరుగు తీస్తుంది కాబట్టి చక్రం బిగువును తగ్గించి పెట్టాలి. పక్కన ఊరికే వదిలేసిన కర్రను రంధ్రంలోకి లాక్కుపోవడం మామూలే. ట్రౌట్ ఉన్న చాలా సరస్సుల్లో బతికున్న చేపపిల్లలను ఎరగా వాడటం నిషేధం కాబట్టి పురుగులు, చేపగుడ్లు ఎక్కువగా వాడతారు.

గాలం ఆడించే తీరు కూడా చేప ఒంటి నిర్మాణాన్ని బట్టి మారుతుంది. చేపను నీటిలో తేల్చి ఉంచే లోపలి గాలి సంచిని ఈత తిత్తి అంటారు. పెర్చ్‌కు అది మూసి ఉంటుంది. అందులోని వాయువు రక్తంలోకి నెమ్మదిగా మాత్రమే పోతుంది. పది మీటర్ల లోతు నుంచి ఐదుకు లేస్తే పీడనం రెండు వాతావరణాల నుంచి ఒకటిన్నరకు తగ్గి తిత్తి మూడో వంతు ఉబ్బుతుంది. అందుకే పెర్చ్ పైకి తప్పించుకునే గాలాన్ని ఎంతో దూరం వెంటాడదు. జిగ్‌ను దాని తలకు కాస్త పైన, బెత్తెడు మేర మాత్రమే, వణికిస్తూ లేపాలి. ట్రౌట్ ఈత తిత్తి గొంతు వైపు తెరుచుకుంటుంది. గాలి వదిలేసి మీటర్ల కొద్దీ పైకి వస్తుంది కాబట్టి స్పూన్‌ను బారెడు ఎత్తి వదలవచ్చు. చేప ఏ ఎత్తులో ఉందో చూపించే సోనార్ ఇందులో పెద్ద సాయం. కార్ల్ లోరెన్స్ కుటుంబం 1959లో అమ్మకానికి తెచ్చిన ఆకుపచ్చ పెట్టెతో అది మామూలు జనానికి అందింది. జిగ్ కూడా ఆ తెర మీద గీతగా కనిపిస్తుంది, దానికీ చేప గీతకూ మధ్య ఎడం చూస్తూ ఆడించవచ్చు.

పది మీటర్లకు మించిన లోతు నుంచి లాగిన పెర్చ్ ఈత తిత్తి బాగా ఉబ్బిపోతుంది. తిరిగి వదిలినా చాలావరకు మంచు కిందే తేలిపోతుంది. అంత లోతులో కావలసినన్ని పట్టాక గాలం తీసి, లోతు తక్కువ చోటికి మారడమే సరైన పద్ధతి.