దొర్లే ముద్ద... దొరికిన పాట!

తాగిన మైకంలో ఓ రాజుగారు ఆకాశంలోని నక్షత్రాలన్నీ ధ్వంసం చేసేశారు. వాటిని మళ్లీ తయారుచేసే పని కొడుకు నెత్తిన పడింది. ఆ బుల్లి యువరాజు ఎత్తు అయిదు సెంటీమీటర్లే! పేడపురుగులా ఓ జిగురుబంతిని దొర్లించుకుంటూ పోతాడు. గుండుపిన్నులు, రబ్బర్లు, పిల్లులు, ఇళ్లు... ఏది తగిలితే అది అంటుకుంటుంది. (మార్కాపురంలో దొర్లిస్తే ముందుగా అంటుకునేవి పలకలే!)

2004లో జపాన్ సంస్థ నామ్‌కో ప్లేస్టేషన్-2 కోసం తెచ్చిన ఈ వీడియోగేమ్ పేరు 'కతమరి దమాషి'. రూపకర్త కెయ్‌టా తకహాషి. 2012లో న్యూయార్క్ మోడ్రన్ ఆర్ట్ మ్యూజియం తన సేకరణలో చేర్చుకున్న తొలి 14 వీడియోగేముల్లో ఇదొకటి.

అసలు మజా సంగీతంలో ఉంది. వీడియోగేమ్ అంటే ఢాంఢాం మోతలే అనుకునేవాళ్లకు ఇందులో ఏకంగా పాటకచేరీ వినిపిస్తుంది. యూ మియాకే బృందం సాంబా, జాజ్, మాంబో... అన్నీ కలిపేసింది. 1971 నాటి 'లూపిన్-3' కార్టూన్ సీరియల్‌కు పాడిన చార్లీ కోసేని పిలిపించి పాడించింది. సాకి కబాట గొంతులో 'లోన్లీ రోలింగ్ స్టార్' తీయగా సాగుతుంది. చిన్నపిల్లల బృందగానమూ ఉంది.

అదే ఏడాది ఆట అమెరికా వెళ్లింది. మాటలన్నీ ఇంగ్లిషులోకి మారాయి కానీ జపనీస్ పాటల్ని మాత్రం అలాగే ఉంచేశారు. అర్థం తెలియకుండానే మనవాళ్లు తమిళపాటలు కూనిరాగం తీసినట్టు, అక్కడి కుర్రకారూ వాటిని పాడుకున్నారు. ఆట ముగిశాక కూడా!