కింద కొట్టు, పైన కాపురం

విజయవాడ వన్‌టౌన్‌లోనో, హైదరాబాద్ బేగంబజార్‌లోనో పాత ఇళ్లను చూడండి. కింద కొట్టు, పైన కాపురం. మెట్లు దిగితే వ్యాపారం, ఎక్కితే భోజనం. దానికే ఇప్పుడు ‘మిక్స్‌డ్ యూజ్’ అని పేరు పెట్టి, వంద మీటర్ల ఎత్తుకు లేపి, పక్కన ‘గ్రీన్ లివింగ్’ అని హోర్డింగు కడుతున్నారు. ఎత్తుగా కట్టడం తప్పని ఎవరూ అనరు. ఊరు అడ్డంగా పాకితే ముందు పోయేవి చెరువులూ పొలాలే. కానీ ఆ టవర్ వల్ల పర్యావరణానికి మేలా, కీడా అన్నది బాల్కనీలో కుండీలను బట్టి తేలదు. ఏ అంతస్తులో ఏం పెట్టారు, పడమటి గోడ ఎలా కట్టారు అన్న రెండు సంగతులే తేలుస్తాయి.

మొదటి సంగతికి మంచి పాఠం షికాగోలో ఉంది. ఢాకాలో పుట్టిన ఇంజినీరు ఫజ్లూర్ ఖాన్, ఆర్కిటెక్టు బ్రూస్ గ్రాహం కలిసి రూపకల్పన చేసిన జాన్ హాంకాక్ సెంటర్ 1969లో పూర్తయింది. వంద అంతస్తులు, 344 మీటర్లు. కింద దుకాణాలు, వాటిపైన కార్లు, ఆపైన ఆఫీసులు, 44వ అంతస్తు దాటాక ఇళ్లు. పైకి పోయేకొద్దీ భవనం సన్నబడుతుంది. అది సోకు కోసం చేసింది కాదు. ఆఫీసుకు వెడల్పాటి హాలు కావాలి, నడిమధ్యకు పగటి వెలుతురు రాకపోయినా లైట్లతో నెట్టుకొస్తుంది. ఇంట్లో అలా కుదరదు, ప్రతి గదికీ కిటికీ ఉండాలి. అందుకే వెడల్పు అంతస్తులు కిందికి, ఇరుకువి పైకి వెళ్లాయి.

ఇక గాలి ఒత్తిడిని ఆపే పని బయటి గోడల మీద కనిపించే పెద్ద పెద్ద ఇంటూ గుర్తులకు అప్పగించారు. దాంతో చదరపు మీటరుకు 145 కిలోల ఉక్కుతో సరిపోయింది. 1931 నాటి ఎంపైర్ స్టేట్ బిల్డింగ్‌కు 206 కిలోలు పట్టింది. హాంకాక్‌ను గ్రీన్ బిల్డింగ్ అంటూ అమ్ముకోలేదు గానీ, ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో ఒక్క సిమెంటు వాటాయే 8 శాతం దాకా ఉన్న ఈ రోజుల్లో, వాడకుండా మిగిల్చిన టన్ను ఉక్కును, బస్తా సిమెంటును మించిన పొదుపు ఏముంది?

ఇళ్లూ ఆఫీసులూ ఒకే కప్పు కింద ఉంటే కలిసొచ్చేవి చాలా ఉన్నాయి. ఆఫీసు ఏసీలకు మధ్యాహ్నం మూడింటికి గిరాకీ, ఇళ్లలో ఏసీలకు రాత్రి పదింటికి. రెండింటికీ ఒకే చల్లదనపు ప్లాంటు పెడితే, విడివిడిగా పెట్టే రెండింటి మొత్తం కన్నా చిన్నది సరిపోతుంది. పొద్దున ఇళ్లలో స్నానాలకు వాడిన నీళ్లను శుద్ధి చేస్తే, పగలంతా ఆఫీసు టాయిలెట్లకూ కూలింగ్ టవర్లకూ పనికొస్తాయి. ఇళ్లు మాత్రమే ఉన్న టవర్‌లో మురుగునీటి శుద్ధి ప్లాంటు (ఎస్‌టీపీ) నీళ్లు మొక్కలకూ ఫ్లష్‌లకూ పోను మిగిలిపోతాయి. ఆఫీసులు మాత్రమే ఉన్నచోట చాలవు. మిక్స్‌డ్ యూజ్ అసలు లాభం ఈ ఇచ్చిపుచ్చుకోవడమే. పార్కింగ్ కూడా అంతే. పొద్దున ఆఫీసు కారు నిలిచిన చోట రాత్రికి ఇంటి కారు నిలవొచ్చు. మన నిబంధనలు మాత్రం దేనికి దానికి నిర్మాణ విస్తీర్ణంలో ఇంత శాతం పార్కింగ్ అని లెక్కగడతాయి. ఇక బేస్‌మెంటు మీద బేస్‌మెంటు తవ్వక ఏం చేస్తారు?

అంత ఎత్తుకు నీళ్లెక్కించడానికి ఎంత కరెంటో అని చాలామంది బెంగపడతారు. నిజానికి వెయ్యి లీటర్లను వంద మీటర్లు ఎత్తడానికి, పంపులో పోయే నష్టం కలిపినా, దాదాపు అర యూనిట్ చాలు. మే నెల ఎండలో టన్నున్నర ఏసీ గట్టిగా అరగంట తిరిగితే అంతకన్నా ఎక్కువే తాగుతుంది. కాబట్టి కరెంటు దొంగ పంపు కాదు, ఎండ వేడిని లోపలికి వదిలే గోడ.

రెండో సంగతి పడమటి గోడ. దానికి పాఠం ముంబైలో ఉంది. అక్కడ ఆర్కిటెక్టు చార్లెస్ కొరియా రూపొందించిన కాంచన్‌జంగా అపార్ట్‌మెంట్స్ 1983లో పూర్తయింది. 28 అంతస్తులు, 32 ఇళ్లు. అక్కడ సముద్రపు గాలి, చూడచక్కని దృశ్యం రెండూ పడమటి వైపే. సాయంత్రపు ఎండ, వానజల్లు కూడా అటునుంచే. పాత బంగళాల్లో గదుల చుట్టూ వరండా ఉండేది. ఎండా వానా ముందు దాని మీద పడేవి. కొరియా ఆ వరండానే రెండంతస్తుల ఎత్తు తోటగా మార్చి టవర్ మూలల్లోకి ఎక్కించారు. గది గోడ నీడలోకి వెళ్లిపోయింది. మన పెంకుటింటి వసారా చేసిన పని కూడా ఇదే.

హైదరాబాద్ ఏం చేసింది? 2006లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఎఫ్‌ఎస్‌ఐ (స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క) పరిమితి ఎత్తేసింది. రోడ్డుకు వెడల్పు, చుట్టూ వదలడానికి జాగా ఉంటే ఎత్తుకు దాదాపు అడ్డు లేకుండా పోయింది. ఎత్తు వచ్చింది గానీ నీడ రాలేదు. పడమటికి తిరిగిన నిలువెత్తు అద్దం, లోపల పగలంతా దించిన బ్లైండ్లు, వాటి వెనక వెలిగే లైట్లు. ఇళ్ల టవర్లలో అయితే మైవాన్ అనే అల్యూమినియం షట్టరింగ్‌తో పోసిన పలచటి కాంక్రీటు గోడలు. పని వేగంగా అవుతుంది, నిజమే. కానీ తేలికపాటి ఏఏసీ బ్లాకుల గోడ కన్నా ఆ కాంక్రీటు గోడ ఎన్నో రెట్లు వేడిని లోపలికి వదులుతుంది. విచిత్రమేమిటంటే, అమెరికా బయట మొట్టమొదటి లీడ్ ప్లాటినం గ్రీన్ బిల్డింగ్ గుర్తింపు పొందిన భవనం మన కొండాపూర్‌లోనే ఉంది. సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించారు. నడుమ గుండ్రటి ముంగిలి, ఎండను వడగట్టే జాలీ గోడలు. దాని కళ్లెదుటే చుట్టూ అద్దాల మేడలు లేచాయి.

మరో వెలితి కూడా ఉంది. సింగపూర్‌లో పాత కార్ పార్క్ పడగొట్టి 2021లో పూర్తిచేసిన 280 మీటర్ల క్యాపిటాస్ప్రింగ్‌లో ఆఫీసులు, అద్దె నివాసాలతోపాటు రెండు, మూడు అంతస్తులను చవకగా తిండి దొరికే హాకర్ సెంటర్‌కు ఇచ్చారు. మన గేటెడ్ టవర్లలో పనిచేసే వాచ్‌మన్‌కు, పనిమనిషికి టిఫిన్ కావాలంటే ప్రహరీ బయట ఫుట్‌పాత్ మీది బండే దిక్కు. పది రూపాయల టీ దొరకని చోటును మిక్స్‌డ్ యూజ్ అనడం నాకైతే మింగుడుపడదు.

గోడలకు నీడ లేనిది నియమాలు లేక కాదు. వాణిజ్య భవనాల గోడల్లో కిటికీ అద్దం 40 శాతం మించకూడదని 2017 నాటి ఇంధన పొదుపు భవన నియమావళి (ఈసీబీసీ) చెప్పింది. కంప్యూటర్ లెక్కలతో సరితూగుతుందని చూపించి తప్పించుకునే దారీ అందులోనే ఉంది. ఇళ్లకు 2018లో ఎకో నివాస్ సంహిత వచ్చింది. గోడలు, కిటికీల గుండా లోపలికొచ్చే వేడికి అది ఒక కొలత పెట్టింది, పేరు ఆర్‌ఈటీవీ. చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదు. ఫ్లాటు కొనేవాళ్లు క్లబ్‌హౌస్, ఈత కొలను, వాస్తు అడుగుతారు. ఈసారి బుకింగ్ డబ్బు కట్టే ముందు ఆర్‌ఈటీవీ ఎంతో కాగితం మీద రాసిమ్మని అడగండి. పడమటి గోడకు నీడ ఏమిటో ప్లాన్‌లో చూపించమనండి.