రాగి చూపే దారి

రైతు చేలో చల్లే 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 33 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఇమిడి ఉంటుంది. ఎరువుల కర్మాగారంలో ఆ వాయువును అమ్మోనియాతో కలిపి, అధిక పీడనంలో వేడిచేసి యూరియాగా మారుస్తారు. ఆ చర్యకు ఉత్ప్రేరకం కూడా అక్కర్లేదు. అయితే చేలో పడిన కొద్ది రోజులకే నేలలోని యూరియేజ్ అనే ఎంజైము యూరియాను విడగొడుతుంది. నత్రజని పైరుకు అందుతుంది, కార్బన్ డయాక్సైడ్ మళ్ళీ గాలిపాలవుతుంది. అంటే ఈ వాయువును ముడిసరుకుగా వాడుకోవడం మనకు కొత్తేమీ కాదు. దానికి హైడ్రోజన్ ఎక్కించి ఇంధనంగానో, రసాయనంగానో మార్చడమే కష్టం.

కట్టె కాలాక పొయ్యిలో మిగిలేది కంటికి కనబడే బూడిద. కార్బన్ డయాక్సైడ్ కనబడని బూడిద. 12 గ్రాముల కార్బన్ పూర్తిగా కాలితే 393.5 కిలోజౌళ్ల శక్తి బయటికి వస్తుంది. ఆ బూడిదను తిరిగి ఇంధనం చేయాలంటే పోయిన శక్తిని ఎక్కడినుంచో తెచ్చి పోయాలి. ఉత్ప్రేరకం ఆ బాకీ తీర్చదు. చర్య త్వరగా సాగేందుకు దారి చూపుతుంది, అంతే. కొత్త ఉత్ప్రేరకం గురించి వార్త వచ్చినప్పుడల్లా ఈ సంగతి మరుగున పడిపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

దారి చూపడం మాత్రం చిన్న పని కాదు. కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ కలిసిన వాయువును నికెల్ మీదుగా పంపితే మీథేన్ వస్తుంది. ఈ చర్యను వెలికితీసిన ఫ్రాన్స్ శాస్త్రవేత్త పాల్ సబాటియేకు 1912లో నోబెల్ బహుమతి దక్కింది. అదే వాయువును తగిన పీడనంలో రాగి మీదుగా పంపితే మిథనాల్ వస్తుంది. శక్తి లెక్క ప్రకారం చూస్తే మీథేన్ వైపే మొగ్గు ఎక్కువ. అయినా రాగి దగ్గర ప్రయాణం మధ్యలోనే ఆగిపోతుంది. నికెల్ కార్బన్–ఆక్సిజన్ బంధాలను పూర్తిగా తెంచేస్తుంది, రాగి ఒక బంధాన్ని మిగల్చి అణువును వదిలేస్తుంది. ఉత్ప్రేరకం అసలు గొప్పతనం వేగంలో కంటే ఈ ఎంపికలోనే ఉందని నా నమ్మకం.

1966లో బ్రిటన్‌కు చెందిన ఐసీఐ సంస్థ రాగి, జింక్ ఆక్సైడ్, అల్యూమినా కలిపిన ఉత్ప్రేరకంతో మిథనాల్ తయారీ మొదలుపెట్టింది. నేటికీ ఆ కుటుంబానిదే రాజ్యం. ఇవి మాత్రల్లాంటి చిన్న నల్లని గుళికలు. ఆ నలుపు రాగి ఆక్సైడ్‌ది. రియాక్టర్‌లో నింపాక పలచన చేసిన హైడ్రోజన్‌ను మెల్లమెల్లగా పంపి ఆక్సైడ్‌ను లోహంగా మారుస్తారు. ఇక్కడ తొందర పనికిరాదు. అప్పుడు పుట్టే వేడికి నానోమీటర్లలో కొలవాల్సిన రాగి రేణువులు ఒకదానికొకటి అతుక్కుపోతే, పని మొదలుకాకముందే ఉత్ప్రేరకం చచ్చిపోతుంది. రేణువులను ఎడంగా నిలిపి ఉంచడం జింక్ ఆక్సైడ్, అల్యూమినాల వంతు. గంధకం రవ్వంత తగిలినా రాగికి విషమే. చర్యలో పుట్టే నీటి ఆవిరి కూడా రేణువులు త్వరగా కలిసిపోయేలా చేస్తుంది.

ఈ మిథనాల్ కర్మాగారాలకు హైడ్రోజన్‌తో పాటు వచ్చే కార్బన్ వాయువుల్లో మోనాక్సైడే ఎక్కువ, డయాక్సైడ్ కొద్దిగా ఉంటుంది. అందుకని మోనాక్సైడే మిథనాల్‌గా మారుతోందని చాలాకాలం అనుకున్నారు. గుర్తు పెట్టిన కార్బన్ ఐసోటోపులతో 1980ల నాటికి చేసిన ప్రయోగాల్లో తేలింది వేరు. మిథనాల్‌లోని కార్బన్ ప్రధానంగా డయాక్సైడ్ నుంచే వస్తోంది. వ్యర్థమనుకున్న వాయువును రాగి అప్పటికే వాడుకుంటోందన్నమాట!

కార్బన్ డయాక్సైడ్ నుంచే మిథనాల్ చేసేందుకు ఐస్‌లాండ్‌లో స్వార్ట్‌సెంగీ భూతాప విద్యుత్ కేంద్రం పక్కన 2012లో మొదలైన కర్మాగారానికి, మిథనాల్‌ను ఇంధనంగా వాడాలని వాదించిన నోబెల్ గ్రహీత జార్జ్ ఓలా పేరు పెట్టారు. ఏడాదికి 5,600 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో 4,000 టన్నుల మిథనాల్ చేయగల సామర్థ్యం దానిది. భూగర్భ ఆవిరితో వచ్చే వాయువులోని గంధకాన్ని ముందే తొలగించి, నీటిని విద్యుత్తుతో విడగొట్టి హైడ్రోజన్ తీసేవారు.

ఆ హైడ్రోజన్ దగ్గరే అసలు ఖర్చు. టన్ను మిథనాల్‌కు సుమారు 190 కిలోల హైడ్రోజన్ కావాలి. కిలోకు 50 యూనిట్ల చొప్పున వేసుకున్నా 9,500 యూనిట్ల కరెంటు. ఆ టన్నును కాలిస్తే తిరిగొచ్చేది దాదాపు 5,500 యూనిట్ల వేడి. ఆ కరెంటును బొగ్గు మండించి తెస్తే, తీసిన బూడిద కంటే పోసిన బూడిదే ఎక్కువవుతుంది. చైనాలోని అన్‌యాంగ్‌లో 2022లో మొదలైన, ఏడాదికి 1,10,000 టన్నుల మిథనాల్ కర్మాగారం మాత్రం కరెంటుతో తీయకుండా, కోక్ బట్టీల వాయువులోని హైడ్రోజన్‌ను వాడుకుంటోంది.

హైడ్రోజన్‌ను విడిగా తయారుచేయకుండా, నీటిలోనే కార్బన్ డయాక్సైడ్‌కు నేరుగా కరెంటు ఇచ్చే దారి మరొకటి ఉంది. 1980లలో జపాన్‌లోని చిబా విశ్వవిద్యాలయంలో యోషియో హోరి బృందం లోహాలను వరసపెట్టి పరీక్షించింది. బంగారం, వెండి కార్బన్ మోనాక్సైడ్ ఇచ్చాయి, తగరం ఫార్మేట్ ఇచ్చింది. రెండు కార్బన్లను జతచేసి ఇథిలీన్ దాకా చెప్పుకోదగ్గంతగా తీసుకెళ్ళింది మళ్ళీ రాగే. అయితే ఒకే ఎలక్ట్రోడ్ మీద పదికి పైగా పదార్థాలు పుడతాయి. వాటిలో కావలసిన ఒక్కదాన్నే రప్పించడం పరిశోధకులకు నేటికీ కష్టంగానే ఉంది.

ప్రపంచం ఏటా తయారుచేసే 11 కోట్ల టన్నుల మిథనాల్ అంతటినీ కార్బన్ డయాక్సైడ్ నుంచే చేసినా, పట్టేది 15 కోట్ల టన్నులే. ఇంధనాలు, పరిశ్రమల నుంచి గాలిలో కలుస్తున్నది ఏటా 3,700 కోట్ల టన్నులు. పైగా మిథనాల్‌ను బండిలో పోసి కాలిస్తే ఆ కార్బన్ వారాల్లోనే గాలికి చేరుతుంది. అదే మిథనాల్ నుంచి ఫార్మాల్డిహైడ్ తీసి, యూరియాతో కలిపితే జిగురు తయారవుతుంది. మన ఇళ్ళలోని బీరువాల ప్లైవుడ్ పొరలను చాలావరకు పట్టి ఉంచేది ఆ జిగురే. చేలో కొద్ది రోజుల్లో విడిపోయే యూరియా కార్బన్, అక్కడ మిథనాల్ కార్బన్‌తో కలిసి ఏళ్ళ తరబడి గోడవారగా నిలిచి ఉంటుంది.