లేకపోయినా నడవాలి: నెపోముక్ కథ

2006లో ఐరోపాలో నెపోముక్ అనే పరిశోధన మొదలైంది. ఖర్చు 1.7 కోట్ల యూరోలు, అందులో 1.15 కోట్లు ఐరోపా సమాఖ్య ఇచ్చింది. కంప్యూటర్లో దాచుకున్న ఫొటోలు, మెయిళ్లు, పరిచయాలు దేనికది విడిగా పడి ఉండకూడదు, దేనికి దేనితో సంబంధమో యంత్రానికీ తెలియాలి అన్నది ఆశయం. 'ఈ ఫైలు పంపింది ఫలానా వ్యక్తి' లాంటి ప్రతి సంగతినీ మూడు ముక్కల వాక్యంగా డేటాబేసులో రాసుకునేది. గొప్ప ఆలోచన. దాని మీద నాకు ఇప్పటికీ గౌరవమే.

లినక్స్ వాడేవారికి తెలిసిన కేడీఈ డెస్క్‌టాప్ తన నాలుగో తరంలో, అంటే 2008 నుంచి, దీన్ని అక్కున చేర్చుకుంది. చిక్కు అక్కడే మొదలైంది. ఫొటోకు నాలుగు నక్షత్రాల రేటింగు ఇవ్వాలంటే నెపోముక్ కావాలి. దానికి సొప్రానో అనే లైబ్రరీ, దాని అడుగున ఒక డేటాబేసు కావాలి. ఒక దశలో ఆ డేటాబేసు కోసం జావా కూడా కావలసి వచ్చింది. 2010లో కేడీఈ 4.4తో వర్చువోసో అనే సర్వర్ వచ్చి వేగం పెంచింది కానీ, మెమరీని గట్టిగానే తినేది.

ఫొటోలు చూపించే గ్వెన్‌వ్యూ ఈ బరువును తెలివిగా మోసింది. రేటింగులు, ట్యాగులు ఎక్కడ దాచాలన్న పనిని ఒక చిన్న కిటికీ వెనక్కి నెట్టింది. కోడ్ నుంచి ప్రోగ్రామును తయారుచేసేటప్పుడు, అంటే కంపైల్ చేసేటప్పుడు, ఆ కిటికీ వెనక నెపోముక్‌ను పెట్టవచ్చు, ఏమీ పెట్టకుండా వదిలేయవచ్చు, పరీక్షల కోసం ఒక ఉత్తుత్తి నిల్వనూ పెట్టవచ్చు. ఏమీ పెట్టకపోతే రేటింగులు ఉండవు, ఫొటోలు మాత్రం ఎప్పటిలాగే తెరుచుకుంటాయి. ఉంటే వాడుకుని, లేకపోయినా ప్రోగ్రాం నడిచే ఇలాంటి ఆధారాన్ని ఐచ్ఛిక డిపెండెన్సీ అంటారు. అది ఇలాగే ఉండాలని నా అభిప్రాయం. మెయిళ్లు చదివే కేమెయిల్ రెండో తరం మాత్రం వెతుకులాటను నెపోముక్ చేతిలో పెట్టింది. దాన్ని ఆపేసినవారు వెతికితే తమ పాత మెయిలు తమకే దొరకలేదు.

అలాగని అన్నీ ఐచ్ఛికం చేసేయమని ప్రోగ్రామర్లను అడగడం అన్యాయం. 10 ఐచ్ఛికాలుంటే ఒకే ప్రోగ్రాం 1,024 రకాలుగా తయారవగలదు. అన్నిటినీ ఎవరు పరీక్షిస్తారు? పైగా కంపైల్ దశలో ఇచ్చిన ఎంపిక సాధారణ వాడుకరి దాకా చేరదు. జెంటూ అనే లినక్స్ పంపిణీలో ఎవరి యంత్రం మీద వారే కంపైల్ చేసుకుంటారు కాబట్టి నెపోముక్ వద్దనడానికి ఒక మీట ఉండేది. డెబియన్ లాంటి పంపిణీలు అందరికీ ఒకే ప్యాకేజీ తయారుచేస్తాయి. అక్కడ ప్యాకేజీ తయారీదారు 'సరే' అంటే ఆ లైబ్రరీ అందరి యంత్రాల్లోకీ వచ్చేస్తుంది. ప్రోగ్రాం నడిచేటప్పుడు, ఉంటే వాడుకుని లేకపోతే ఊరుకునే ప్లగిన్ రూపంలో ఉన్నదే వాడుకరికి నిజంగా ఐచ్ఛికం.

2014 ఏప్రిల్‌లో, కేడీఈ 4.13తో, నెపోముక్ స్థానంలోకి బలూ అనే వ్యవస్థ వచ్చింది. మూడు ముక్కల వాక్యాలన్నీ పోయాయి, వెతకడమే దాని పని. నాకు అన్నిటికన్నా నచ్చింది వేరొకటి. ట్యాగులు, రేటింగులు ఇప్పుడు ఆ ఫైలుకే అంటిపెట్టుకుని, ఫైల్ సిస్టమ్‌లోని అదనపు గుణాలుగా నిలుస్తాయి. మన సమాచారం ఒక సర్వర్ పొట్టలో ఉన్నంతకాలం ఆ సర్వర్ తప్పనిసరే, దాన్ని కాగితం మీద ఏమని పిలిచినా. సమాచారం ఫైలు దగ్గరికి చేరాకే బలూను ఆపేసినా ఎవరూ ఏమీ పోగొట్టుకోని స్థితి వచ్చింది.

దీనికీ ఒక హద్దుంది. పెన్‌డ్రైవుల్లో వాడే ఫ్యాట్ ఫైల్ సిస్టమ్‌లో ఈ అదనపు గుణాలకు చోటు లేదు. అందులోకి కాపీ చేసిన ఫొటో క్షేమంగానే చేరుతుంది, ఫైలుకు అంటించిన రేటింగు మాత్రం దారిలోనే పోతుంది.