సాన నుండి కాంటాక్ట్ వీల్ వరకు: అనంతపురం పనిముట్ల పదునులో చక్రం పాత్ర

ఉపోద్ఘాతం

అనంతపురం పీఠభూమి వర్షచ్ఛాయా ప్రాంతం. ఇక్కడి సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశనగ ప్రధాన పంటగా సాగే ఈ మెట్టసేద్యంలో కొడవలి, గొడ్డలి, మచ్చుకత్తి నిత్యం వాడే పనిముట్లు. రాతినేలలో వీటి అంచు త్వరగా మొద్దుబారుతుంది. కాబట్టి పదునుపెట్టే చక్రం ఎంపిక ఇక్కడి కమ్మరి వృత్తికి మౌలికమైన సమస్య.

కురువిందం – లక్కసాన

కురువిందం అల్యూమినియం ఆక్సైడ్ ఖనిజరూపం. మోహ్స్ మానంలో దాని కాఠిన్యం 9. ఇది అనంతపురం జిల్లాలోనూ లభిస్తుంది. 'కోరండమ్' అనే ఆంగ్లనామం కూడా భారతీయ భాషల నుండి వెళ్లినదే. మన దేశంలో కురువిందపు పొడిని కరిగించిన లక్కతో కలిపి సానచక్రాలను తయారుచేసేవారు. ఈ సానలో కోసే పదార్థమూ చక్రాకృతీ వేరువేరు కావు. చక్రం అరిగేకొద్దీ వ్యాసం తగ్గి, కత్తి పక్కభాగంలో పడే గుంట లోతవుతుంది. ఒత్తిడి పెరిగితే ఆ వేడికి లక్క మెత్తబడుతుంది.

కాంటాక్ట్ వీల్ లక్షణాలు

బెల్ట్ గ్రైండర్ ఈ రెండింటినీ వేరుచేసింది. అరిగేది బెల్ట్, ఆకృతిని నిలిపేది దాని వెనుకనున్న కాంటాక్ట్ వీల్. సాధారణంగా ఇది రబ్బరు తొడుగు గల అల్యూమినియం చక్రం. గట్టి రబ్బరు లోహాన్ని వేగంగా కోస్తుంది. మెత్తని రబ్బరు ఉపరితలానికి ఒదిగి నునుపునిస్తుంది.

ఏటవాలు భాగపు వెడల్పు వర్గాన్ని చక్రవ్యాసానికి నాలుగు రెట్లతో భాగిస్తే గుంట లోతు సుమారుగా తెలుస్తుంది. వెడల్పు 20 మి.మీ. అయితే, 250 మి.మీ. చక్రంపై లోతు 0.4 మి.మీ.; 100 మి.మీ. చక్రంపై 1 మి.మీ. రెండు పక్కలా కలిపితే ఈ తేడా రెట్టింపవుతుంది. పలచబడిన అంచు మెత్తని వస్తువులను చక్కగా కోస్తుంది గాని, రాయి తగిలితే విరుగుతుంది. అందువల్ల కొడవలికి, మచ్చుకత్తికి పెద్ద చక్రమే తగినది. గొడ్డలికి గుంట పనికిరాదు; వెనుక ఆధారం లేని వదులు బెల్ట్‌పై ఉబ్బెత్తు అంచు తీయాలి.

చక్రాన్ని స్వయంగా తయారుచేసుకొనేటప్పుడు, రబ్బరు అతికించిన తరువాత దాన్ని తన ఇరుసుపైనే తిప్పుతూ చెక్కాలి. లేనిచో చక్రం కేంద్రం తప్పి అదురుతుంది. ఆ అదురు అంచుపై అలలుగా పడుతుంది.

ముగింపు

నేటి బెల్టులలో విస్తృతంగా వాడే రాపిడి పదార్థం కూడా అల్యూమినియం ఆక్సైడే. అంటే లక్కసాన నుండి కాంటాక్ట్ వీల్‌కు మారినప్పుడు రాపిడి పదార్థపు స్వభావం మారలేదు. అంచు ఆకృతిపై పనివాడికి నియంత్రణ పెరిగింది. ఆ నియంత్రణ ఫలించాలంటే చక్రవ్యాసాన్ని యంత్రం సౌలభ్యాన్ని బట్టి గాక, పనిముట్టు ఎదుర్కొనే నేలను, పనిని బట్టి నిర్ణయించాలి.