పులుపు కొరుకుతుంది... వగరు కాపు కాస్తుంది!

మన ఒంట్లో అన్నిటికంటే గట్టి పదార్థం ఏదో చెప్పండి చూద్దాం! తొడ ఎముకా? పుర్రె? ఊహూ... పంటి మీది తెల్లటి పూత, ఎనామెల్! బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. అంత గట్టి కవచం మీద రోజూ పొద్దున్నే పరగడుపున నిమ్మరసం పోస్తున్నామంటే నమ్ముతారా?

మీకు తెలుసా? ఆ ఎనామెల్‌లో ప్రాణమున్న కణం ఒక్కటంటే ఒక్కటి లేదు! దాన్ని తయారుచేసే కణాలు, పన్ను చిగురు దాటి బయటికి వచ్చేసరికే పని ముగించుకుని మాయమైపోతాయి. చర్మం చీరుకుంటే మానుతుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది. ఎనామెల్ అరిగితే? పోయింది పోయినట్టే! మందం చూద్దామా అంటే, దవడ పంటి కొనల మీద మహా అయితే రెండున్నర మిల్లీమీటర్లు. నూరేళ్లకీ అదే నిల్వ!

మీకు తెలుసా? ఎనామెల్‌కి ఒక లక్ష్మణరేఖ ఉంది. పీహెచ్ 5.5! ఆమ్లం అంతకంటే కిందికి దిగిందా, పంటి ఖనిజం కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పీహెచ్ రెండు, రెండున్నర మధ్యలో ఉంటుంది. కోలా పానీయాలు కూడా ఆ చుట్టుపక్కలే. “తేడా మూడేగా!” అంటారేమో... పీహెచ్‌లో ఒక్కో అంకె పది రెట్లు. అంటే 5.5 నుంచి 2.5కి దిగడమంటే వెయ్యి రెట్లు! అమ్మో!

ఈ అరుగుదల వేరు, పిప్పిపన్ను వేరు. పిప్పిపన్నుకి చక్కెర కావాలి, దాన్ని తిని ఆమ్లం వదిలే బ్యాక్టీరియా కావాలి. ఇక్కడ ఆ ఇద్దరూ అక్కర్లేదు. ఆమ్లం నేరుగా వచ్చి పంటిని తాకితే చాలు. అందుకే చక్కెర లేని కోలా తాగి “నా పళ్లు క్షేమం” అనుకునేవాళ్లకు ఓ చేదువార్త: తీపి తీసేశారు గానీ, పులుపు అక్కడే ఉంది!

పచ్చి మామిడికాయ ముక్కలు ఉప్పూకారం అద్దుకుని గిన్నెడు లాగించాక పళ్లు పులిసిపోతాయి కదా? ఆ తర్వాత చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమంటుంది కదా? ఎనామెల్ పలచబడినవాళ్లకు ఆ జివ్వు మామిడికాయల కాలం అయిపోయినా పోదు!

ఇప్పుడో అద్భుతమైన కేసు. ఈత కొడితే పళ్లు కరుగుతాయని మీకు తెలుసా? అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, షార్లట్స్‌విల్ పట్టణం, 1982. ఇద్దరి పళ్ల మీద ఎనామెల్ ఆమ్లంలో ముంచి తీసినట్టు అరిగిపోయింది. పుల్లటివి తెగ తినే అలవాటు లేదు, మరే కారణమూ కనబడలేదు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది ఒకటే, ఒకే క్లబ్బు ఈతకొలను! పరిశోధకులు 747 మంది సభ్యులను అడిగి చూశారు. ఈత కొట్టనివాళ్లలో పళ్లు అరిగిన లక్షణాలు చెప్పినవాళ్లు 3 శాతం. ఊరికే సరదాగా ఈదేవాళ్లలో 12 శాతం. పోటీ జట్టులో? 59 మందిలో 23 మంది, అంటే 39 శాతం!

కొలనులోని లోహపు సామాను తుప్పుపట్టి ఉంది, నీళ్లు తగిలే సిమెంటు తినేసినట్టుంది. నీళ్లు పరీక్షిస్తే పీహెచ్ 2.7. ఉండాల్సినదాని కంటే ఆమ్లం సుమారు లక్ష రెట్లు ఎక్కువ! క్లోరిన్ వాయువు కలిపే కొలనులో ఆమ్లాన్ని సరిచూసుకోకపోతే ఇంత పని జరుగుతుంది. పాపం, పతకాల కోసం దూకినవాళ్లు నిమ్మరసంలాంటి నీళ్లలో ఈదారు!

ఈతగాళ్లే కాదు, బ్యాటరీ కర్మాగారాల్లో ఆమ్లపు ఆవిర్ల మధ్య పనిచేసేవాళ్ల ముందుపళ్లూ అరిగిపోతాయి. రోజంతా వైన్ రుచి చూసి చెప్పే నిపుణులకూ అదే గతి. మరి పై ముందుపళ్లకు లోపలివైపు, అంటే నాలుకవైపు అరిగితే? దంతవైద్యుడు వెంటనే మీ కడుపు గురించి అడుగుతాడు! అక్కడ అరుగుదల చాలాసార్లు కింది నుంచి ఎగదన్నే ఆమ్లం పనే. పన్ను చూపిద్దామని వెళ్తే పొట్ట గుట్టు బయటపడుతుంది!

మీకు తెలుసా? పెరుగూ పుల్లనిదే. పీహెచ్ నాలుగు, నాలుగున్నర. లక్ష్మణరేఖకి బాగా కిందే! అయినా అది పంటిని దాదాపు ఏమీ చెయ్యదు. ఎందుకంటే పన్ను నుంచి ఆమ్లం లాక్కుపోయే కాల్షియం, ఫాస్ఫేట్ రెండూ పెరుగులోనే పుష్కలంగా ఉన్నాయి. ఇక పంటి జోలికి పోవాల్సిన పనేముంది? ఆవకాయన్నం తర్వాత పెరుగన్నం కలుపుకునే మన భోజనం వరసకి పళ్ల తరఫున ఓ జేజే!

సరే, దాడి చేసేవాళ్లను చూశాం. కాపలా ఎవరు? రోజుకి అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరే లాలాజలం! ఆమ్లాన్ని విరుస్తుంది, కాల్షియాన్ని తిరిగి అందిస్తుంది. కానీ నిద్రలో దాదాపు ఊరదు. పడుకునే ముందు కూల్‌డ్రింకు తాగినవాళ్ల పళ్లు రాత్రంతా కాపలా లేని తోటే!

అసలు విచిత్రం ఇక్కడుంది. మీరిప్పుడే పళ్లు తోముకుని అద్దంలో చూసుకున్నారనుకోండి. తళతళ మెరిసే ఆ పన్ను మీద, చూస్తుండగానే కంటికి కనబడని ఓ పొర పరుచుకుంటుంది. లాలాజలంలోని ప్రోటీన్లు వచ్చి ఎనామెల్‌కి అంటుకుని అల్లే పొర అది. మొదలవడానికి క్షణాలు చాలు. మూడు నిమిషాల్లో మందం పది, ఇరవై నానోమీటర్లు. ఒక మిల్లీమీటరు కావాలంటే అలాంటి పొరలు కనీసం యాభై వేలు పేర్చాలి! ఇంత పలచటి చొక్కాయే ఆమ్లానికీ పంటికీ మధ్య నిలబడుతుంది.

ఆ చొక్కాని ఇంకాస్త చిక్కగా నేయలేమా? మొక్కలు నేస్తాయి! మీకు తెలుసా, పచ్చి అరటికాయ కొరికినప్పుడు, నేరేడుపండు తిన్నప్పుడు నోరు పట్టేసినట్టయ్యే ఆ వగరు, నిజానికి ఒక రసాయన చర్య. కాయలోని టానిన్లనే పదార్థాలు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని ముద్ద కట్టిస్తాయి. నోటికి జారుడుతనం పోతుంది, గరగరలాడుతుంది. అదే పట్టు పంటి పొరమీద పడితే పొర చిక్కబడి, ఆమ్లం లోపలికి దిగడం కష్టమవుతుంది. మొక్కల రసాలతో చేసే పుక్కిలి మందుల వెనకున్న రహస్యం ఇదే. వగరు అంటే మొహం చిట్లించే పిల్లలకు ఈ సంగతి చెప్పి చూడండి!

టానిన్ పట్టు ఎంత గట్టిదో తెలుసా? శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులను అడగండి! బొమ్మ గీసేముందు గుడ్డని కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి ఎండేస్తారు. బెల్లం, తుప్పుపట్టిన ఇనుము కలిపి పులియబెట్టిన రసంలో కలం ముంచి గీస్తే చాలు, కరక్కాయ టానిన్ ఆ ఇనుముని పట్టుకుంటుంది. గీత చూస్తుండగానే నల్లబడుతుంది. ఎన్ని ఉతుకులైనా చెక్కుచెదరదు!

ఇక తెలంగాణ రాష్ట్ర పుష్పం తంగేడు. బతుకమ్మలో బంగారంలా మెరిసే ఆ పువ్వు చెట్టు బెరడులో టానిన్ దండిగా ఉంది. తరతరాలుగా తోళ్లు ఊనింది ఆ బెరడుతోనే. తోలులోని ప్రోటీన్‌ని పట్టుకుని కుళ్లకుండా కాపాడేదీ టానినే. పైన పండగ, లోపల పరిశ్రమ!

పంటి పొరని చిక్కబరిచే ఈ వగరు గ్రీన్ టీలోనూ ఉంది. అది చేసే ఇంకో పని మీకు తెలుసా? ఎనామెల్ కింద డెంటిన్ అనే మెత్తటి పొర ఉంటుంది. ఆమ్లం దాని ఖనిజాన్ని లాగేస్తే లోపలి కొల్లాజెన్ వల బయటపడుతుంది. అప్పుడు లాలాజలంలోనూ డెంటిన్‌లోనూ ఉండే మన సొంత ఎంజైములే ఆ వలని కొరికేస్తాయి. ఇంటిదొంగలు! గ్రీన్ టీలోని క్యాటెచిన్లనే పదార్థాలు ఆ ఎంజైముల నోరు కట్టేస్తాయి. ఆకు ఒక్కటి, కాపలాలు రెండు!

ఇవన్నీ ఎలా పరీక్షిస్తారో తెలిస్తే ముక్కున వేలేసుకుంటారు. చాలా ప్రయోగాల్లో వాడేది ఆవు పన్ను! దాన్ని చిన్న చిన్న పలకలుగా కోసి, నునుపు చేసి, అంగిట్లో ఇమిడే ఓ ప్లేటుకి అతికిస్తారు. వాలంటీర్లు ఆ ప్లేటు పెట్టుకుని తిరుగుతారు. మొక్క రసంతో పుక్కిలించడం, పలకల్ని ఆమ్లంలో ముంచడం, మళ్లీ నోట్లో పెట్టుకోవడం. చివర్లో ఎనామెల్ ఎన్ని మైక్రోమీటర్లు పోయిందో యంత్రంతో కొలుస్తారు. సైన్సు కోసం నోట్లో ఆవుపన్ను మోసిన ఆ మహానుభావులకు దండం పెట్టాల్సిందే!

పళ్లకు చక్కెర శత్రువైతే, ఆ చక్కెరకి పుట్టిల్లు చెరకు. కానీ మీకు తెలుసా, అదే చెరకు నుంచి పంటికి రక్షకుడు దొరికాడు! బ్రెజిల్‌లో సావో పాలో విశ్వవిద్యాలయం వారి బౌరు దంతవైద్య కళాశాల పరిశోధకులు చెరకులోని సిస్టాటిన్ అనే ప్రోటీన్‌ని ఎంచుకున్నారు. దాని జన్యువుని బ్యాక్టీరియాలో పెట్టి ప్రోటీన్ తయారుచేయించి పరీక్షిస్తే, అది ఎనామెల్‌కి గట్టిగా అతుక్కుని ఆమ్లపు దెబ్బని తగ్గించింది. అన్న చేసిన పాపానికి తమ్ముడి పరిహారం!

మరి ఇలాంటి మందులతో పుక్కిలించేది ఎప్పుడు? పులుపు తిన్నాకనా? ఇక్కడే చాలామంది తప్పు జవాబు చెబుతారు. ముందే! పొర చిక్కబడాల్సింది ఆమ్లం రాకముందు కదా. వాన వెలిశాక గొడుగెందుకు?

ఇంకో బోనస్ ప్రశ్న. పుల్లటిది తాగిన వెంటనే బ్రష్షు పట్టుకోవచ్చా? వద్దు! ఆమ్లానికి మెత్తబడిన ఎనామెల్‌ని బ్రష్షు ఇంకా గీకేస్తుంది. దంతవైద్యులు సాధారణంగా అరగంట నుంచి గంట ఆగమంటారు. అప్పటిదాకా మామూలు నీళ్లతో పుక్కిలించండి, లాలాజలానికి దాని పని చేసుకునే వ్యవధి ఇవ్వండి.

పుక్కిలించడంలో మన పెద్దలు గట్టివాళ్లు. ఆయుర్వేదంలో దానికి రెండు పద్ధతులు! నోరు కదపలేనంత నిండా పట్టి ఉంచితే గండూషం, అటూఇటూ ఆడించేంతే పోస్తే కవళం. బుగ్గలు పూరీల్లా పొంగించి కూర్చున్న తాతగారిని చూసి నవ్వకండి, ఆయన పాటిస్తున్నది శాస్త్రం!

త్రిఫల కషాయం పంటి పాచి మీద బాగా పనిచేస్తుందని మన దేశంలో జరిగిన ప్రయోగాలు చూపించాయి. కానీ జాగ్రత్త, పాచి వేరు, ఆమ్లపు అరుగుదల వేరు. పైగా త్రిఫలలో మూడోది ఉసిరికాయ, పక్కా పులుపు! మొక్కది కదా అని నిమ్మరసంతోనో వెనిగర్‌తోనో పుక్కిలిస్తే కంచే చేను మేసినట్టే. కొన్ని అంగడి మౌత్‌వాష్‌లు కూడా ఆమ్లగుణం ఉన్నవే. మొక్క మంచిదే, ముందు దాని పీహెచ్ ఎంతో అడగండి!

మీకు తెలుసా? 1879లో అమెరికాలో పుట్టిన లిస్టరిన్ మొదట్లో శస్త్రచికిత్సల కోసం చేసిన క్రిమిసంహారిణి. అందులోని నాలుగు ప్రధాన దినుసులూ మొక్కల నూనెల్లో దొరికేవే. వాటిలో ఒకటి థైమాల్. మన పోపులపెట్టెలో వాముకి ఆ ఘాటైన వాసన ఇచ్చేదీ అదే! గుప్పెడు వాము నమిలి “హమ్మయ్య” అన్న బామ్మకీ ఆ సీసాకీ చుట్టరికం ఉంది!

జంతులోకం వైపు ఓ చూపు. బీవర్ అనే జంతువు పళ్లు నారింజ రంగులో ఉంటాయని తెలుసా? వాటి ఎనామెల్‌లో ఇనుము ఉంది! ఫ్లోరైడ్ పట్టించిన ఎనామెల్ కంటే కూడా అది ఆమ్లానికి బాగా తట్టుకుంటుందని 2015లో అమెరికా శాస్త్రవేత్తలు తేల్చారు. సొరచేపది ఇంకో దారి. దాని పళ్ల పైపొర నిండా ఫ్లోరైడ్ ఖనిజమే. జన్మతః టూత్‌పేస్టు రాసుకు పుట్టిందన్నమాట! అయినా గట్టిదనంలో మన పళ్లకు అటూఇటుగా సమానమే. సొరచేపకు సరితూగే పళ్లు మీవి, తెలుసా?

ఫ్లోరైడ్ అంటే తెలుగునేలకి చేదు జ్ఞాపకం. మద్రాసు ప్రెసిడెన్సీలో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో తాగునీటి ఫ్లోరైడ్ ఎముకల్ని వంచేస్తోందని 1937లోనే వైద్యులు రాశారు. నల్గొండ వెత అందరికీ తెలిసిందే. పటిక, సున్నంతో నీళ్లు శుద్ధిచేసే విధానానికి నల్గొండ పద్ధతి అనే పేరే స్థిరపడింది. తాగే నీటిలో ఎక్కువైతే ఎముకలు వంచేసే ఆ పదార్థమే, కొద్ది మోతాదులో పంటికి పూసి ఉమ్మేస్తే ఎనామెల్ లక్ష్మణరేఖని 5.5 నుంచి 4.5 దాకా కిందికి జరుపుతుంది. పది రెట్ల ఆమ్లాన్ని తట్టుకునే బలం!

మరి మొక్కలు ఫ్లోరైడ్‌ని ఓడించాయా? లేదు! తగరం కలిపిన ఫ్లోరైడ్ ద్రావణాలే ఇప్పటికీ ఈ ఆటలో పెద్దన్నలు, మొక్కల రసాలు ఎక్కువగా ప్రయోగశాలల్లోనే ఉన్నాయి. కానీ జోడీ కడితే? స్విట్జర్లాండ్‌లో ద్రాక్షగింజల సారాన్ని ఫ్లోరైడ్‌తో కలిపి పరీక్షిస్తే, ఇద్దరూ కలిసి గట్టిగా కాపు కాశారు. జిందాబాద్!

ఈ జోడీ ఒకే ఆకులో ముందే ఉందని మీకు తెలుసా? తేయాకు! తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ని లాగి ఆకుల్లో దాచుకుంటుంది. ముదురాకులో మరీ ఎక్కువ. టానిన్లు సరేసరి. పళ్ల మీద టీ మరకలు పడేదీ వాటివల్లే!

“అయితే రోజూ నాలుగు ఇరానీ చాయ్‌లు తాగుతాను, నా పళ్లకేం భయం!” అని హైదరాబాదీలు మురిసిపోతున్నారా? ఆగండాగండి! పాలలోని కేసీన్ ప్రోటీన్ ఆ టానిన్లను ముందే పట్టేసుకుంటుంది. పాలు పోస్తే టీలో వగరు తగ్గేది అందుకే. పంటి పొర దాకా వచ్చేసరికి మిగిలేది కొంచెమే. ఇక కప్పులో మునిగిన ఆ చక్కెరంటారా? దానికోసం నోట్లో బ్యాక్టీరియా ఎప్పట్నుంచో వరస కట్టి నిలబడింది!